మొహమాటంతో లైబ్రరీ నడవదు

‘హైదరాబాద్‌లో’ అన్న మాట తీసుకోండి. ‘ద్’ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి ఆకారం లేదు, వెడల్పు లేదు. కానీ అది ఉంటేనే ‘ద్’ పొల్లుగా నిలబడి, ‘లో’ పక్కన విడిగా వస్తుంది. తీసేస్తే లకారం వెళ్ళి దకారం కింద వత్తుగా దూరుతుంది. అప్పుడు అది ‘హైదరాబాద్లో’ అవుతుంది. ఓపెన్ సోర్స్ లైబ్రరీ అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని, మార్చుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడు. తెలుగు అక్షరాలు లెక్కపెట్టే నా మొదటి లైబ్రరీలో నేను చేసిన ఘనకార్యం ఆ గుర్తును చెత్త అనుకుని ఏరి పారేయడం. ఆ పని చేసే ఫంక్షన్‌కి ‘శుద్ధి’ అని పేరు కూడా పెట్టుకున్నాను.

విడుదల చేసిన ఐదు వారాలకు, ముక్కూ మొహం తెలియని ఎవరో గిట్‌హబ్‌లో (నా కోడు ఉన్న సైటు) ఒక ఇష్యూ తెరిచారు, అంటే అందరికీ కనబడేలా తప్పు గురించి రాశారు. రెండే లైన్లు. మొదటి లైన్లో ‘హైదరాబాద్‌లో’ ఇస్తే ‘హైదరాబాద్లో’ వస్తోందని. రెండో లైన్లో ‘ఇదేం శుద్ధి?’ అని.

చెవులు వేడెక్కాయి. పావుగంట కుర్చీలోంచి లేవలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఇదే తప్పును అంతకుముందే ముగ్గురు చూశారు. ముగ్గురూ నాకు బాగా తెలిసినవాళ్ళు. ఒకమ్మాయి నా పెళ్ళిలో పూలదండలు కుట్టింది. ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు.

ఆ ముగ్గురి గురించే ఈ వ్యాసం. వాళ్ళ మీద కోపం లేదు, నేనూ వాళ్ళలాంటిదాన్నే కాబట్టి. ఓపెన్ సోర్స్‌లో మనవాళ్ళు తక్కువగా కనబడడానికి ఇంగ్లీషు రాకపోవడం, టైం లేకపోవడం, మేనేజర్లు ఒప్పుకోకపోవడం అని రకరకాల కారణాలు చెబుతుంటారు. అన్నీ కొంత నిజమే. కానీ మూడేళ్ళు ఒక చిన్న లైబ్రరీని మోశాక నాకు అన్నిటికంటే పెద్దగా కనిపిస్తున్న అడ్డంకి మొహమాటం.

కథ మా బాబాయి దగ్గర మొదలైంది. బ్యాంకులో రిటైరయ్యాక వాళ్ళ కాలనీ సీనియర్ సిటిజన్ల సంఘం వేసుకునే నాలుగు పేజీల నెలవారీ పత్రికకు గళ్ళనుడికట్టు కూరుస్తాడు. ఒక ఆదివారం ఫోన్ చేసి, “ఏమ్మా, నువ్వు కంప్యూటర్లోనే కదా ఉండేది, ఐదక్షరాల మాటలు, మూడో అక్షరం ‘ర్మ’ ఉన్నవి ఏరిపెట్టగలవా?” అన్నాడు. ఇదెంత పని అనుకున్నాను. ఆన్‌లైన్ నిఘంటువు విక్షనరీ నుంచి పదాలు దింపుకుని, ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో పొడవు చెప్పే ‘లెన్’ ఫంక్షన్‌ని పిలిచాను. ‘స్త్రీ’కి 6 అంది.

దాని లెక్క దానికుంది. లిపుల్లోని ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. మొత్తం 6 కోడ్ పాయింట్లు, అంటే 6 నంబర్లు. పైథాన్ లెక్కపెట్టేది వాటినే. బాబాయి పలకమీద రాస్తే అది ఒక్క గడి. ఈ రెండు లెక్కల మధ్య దూరాన్ని పూడ్చడానికి ఒక అరవై లైన్ల స్క్రిప్టు రాశాను. బాబాయికి పదాలు పంపాను. అక్కడితో అయిపోవాల్సింది.

అయిపోలేదు. ఆఫీసులో ఒక కొలీగ్‌కి తెలుగు రివ్యూలను అక్షరాల మధ్యలో తెగకుండా కత్తిరించే పని పడింది. ఆ అరవై లైన్లు ఇచ్చాను. ఇంకొకరు అడిగారు, ఇచ్చాను. మూడోసారి ఈమెయిల్‌కి ఫైలు తగిలిస్తూ, దీన్ని ఎక్కడో ఒకచోట పెట్టేస్తే పోతుంది కదా అనిపించింది. సమాజసేవ అనే ఆలోచన అప్పటికి లేదు. ఫైలు పంపడం విసుగెత్తింది, అంతే.

కానీ పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. కోడు ఎప్పుడో సిద్ధమైంది, నేనే సిద్ధం కాలేదు. వేరియబుళ్ళ పేర్లు మార్చాను, మళ్ళీ మార్చాను. ఎవరైనా చూసి నవ్వుతారేమో, ‘పదేళ్ళ అనుభవం ఉందంటుంది, ఇదా రాసేది’ అనుకుంటారేమో అని. తెలుగు కంప్యూటింగ్‌లో నాకంటే ముందు నడిచినవాళ్ళు తక్కువవాళ్ళు కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. పత్రికలన్నీ తలొక సొంత ఫాంటుతో వెబ్‌సైట్లు నడుపుతున్న రోజుల్లో ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించిన ‘పద్మ’ ఉండేది. కీబోర్డు తెలియనివాళ్ళ చేత కూడా తెలుగు రాయించిన ‘లేఖిని’ ఉంది. కాలేజీ రోజుల నుంచి ఇలాంటి వాటన్నిటి మీదా బతికినదాన్ని. ఎవరికీ ఒక్క థాంక్స్ మెయిల్ రాయలేదు. అంత పెద్దవాళ్ళకి మనమేం రాస్తాం అని మొహమాటం. అదే మొహమాటం ఇప్పుడు తిరగబడి నా కోడుకు తాళం వేసింది.

చివరికి ఒక శుక్రవారం రాత్రి పెట్టేశాను. లైసెన్సు దగ్గర ఎక్కువ ఆలోచించలేదు, దాదాపు ఏ షరతూ పెట్టని ఎంఐటి అన్నాను. మా ఆఫీసులో ఒకాయన జీపీఎల్ పెట్టాల్సిందని ఇప్పటికీ అంటుంటాడు. మార్చి పదిమందికీ పంచేవాళ్ళు తమ మార్పులను కూడా తెరిచి పెట్టాలి కదా అని ఆయన వాదన. అరవై లైన్లకి అంత కట్టుబాటెందుకని నా వాదన. ఆ గొడవ ఇక్కడ వద్దు. లైబ్రరీ పేరు కూడా ఇక్కడ రాయను, ఇది దాని ప్రకటన కాదు.

పెట్టిన పది నిమిషాలకే పరువు పోయింది. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. మా ఆయన లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ‘ఫైల్ దొరకలేదు’ అంటోంది. అక్షరాల పట్టిక ఉన్న డేటా ఫైలు ప్యాకేజీలోకి ఎక్కనే లేదు. నా దగ్గర పక్క ఫోల్డర్లోనే ఉంది కాబట్టి నాకు తెలియలేదు. సరే, డిలీట్ చేసి అదే నంబరుతో మళ్ళీ ఎక్కిద్దామంటే, పైథాన్ ప్యాకేజీలు ఉంచే పైపీఐ సైటు ఒప్పుకోదు. ఒకసారి వాడిన ఫైలు పేరు, డిలీట్ చేసినా సరే, మళ్ళీ వాడనివ్వదు. మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, అదే న్యాయం. ఒకే పేరుతో నిన్న ఒక కోడు, ఇవాళ ఇంకో కోడు దొరికితే ఎవరైనా దేన్ని నమ్ముతారు? అలా నా మొదటి వెర్షన్ 0.1.0 బతికింది ఇరవై నిమిషాలు. 0.1.1 దగ్గర నుంచి నా అసలు జాతకం.

తర్వాత మూడు వారాలు నిశ్శబ్దం. డౌన్‌లోడ్లు మాత్రం వందల్లో కనబడుతున్నాయి. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. కొత్త ప్యాకేజీ ఏది ఎక్కినా నకళ్ళు దాచే మిర్రర్ సర్వర్లూ, వాటంతట అవే తిరిగే బాట్ ప్రోగ్రాములూ వచ్చి దింపుకుపోతాయని, ఆ అంకెలో మనుషులు ఎందరో తేల్చలేమని తెలిశాక చెప్పుకోవడం మానేశాను. మనుషులు ఉన్నచోటు వాట్సాప్. అక్కడ రెండు రకాల మెసేజులు వచ్చేవి. ఒకటి: “అక్కా సూపర్.” రెండు: “అక్కా, పని చేయట్లేదు.”

రెండోదానికి నేనూ వాట్సాప్‌లోనే జవాబిచ్చేదాన్ని. ఏ వెర్షన్, ఏ మాట ఇచ్చావు, స్క్రీన్‌షాట్ పంపు. అర్ధగంట తంటాలు పడితే వాడి సమస్య తీరేది. వారం తర్వాత ఇంకొకడికి అదే సమస్య, అవే ప్రశ్నలు, అదే అర్ధగంట. ఒక్క విండోస్ ఎన్‌కోడింగ్ గొడవకే ఆరుగురికి ఆరుసార్లు చెప్పాను. వాట్సాప్‌లో చెప్పిన జవాబు బావిలో పడ్డ చెంబు. ఉంటుంది, కానీ పక్కింటివాళ్ళ చేతికి అందదు.

“ఇదే ముక్క గిట్‌హబ్‌లో ఇష్యూగా రాయొచ్చు కదా” అని ఒకబ్బాయిని అడిగాను. వాడన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “నలుగురి ముందు మీ తప్పు ఎత్తి చూపినట్టుంటుంది కదక్కా.”

వాడి మర్యాదను తప్పు పట్టలేను. మనింట్లో పెరిగిన ఎవరికైనా అది అర్థమవుతుంది. పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు ఎక్కువైతే విస్తరి ముందు ఎవరూ అనరు. బాగుందండీ అని, బయటికొచ్చాక కారులో అంటారు. కానీ ఆ వంటాయన వచ్చే పెళ్ళిలోనూ అంతే ఉప్పు వేస్తాడు. కారులో అన్న మాట ఆయనకి చేరదు కాబట్టి.

‘ఇదేం శుద్ధి?’ అన్న మనిషి చేసింది విస్తరి ముందే చెప్పడం. నాకు మంట పుట్టింది నిజమే. కానీ ఆ ఇష్యూ కింద నేను నాన్ జాయినర్ గురించి చదివి, తప్పు ఒప్పుకుని, సరిచేసి, పరీక్షలు రాసినదంతా ఇవాళ్టికీ అక్కడుంది. ఆ గుర్తును తేలిగ్గా తీసుకోకూడదని 2018 ఫిబ్రవరిలోనే లోకమంతా చూసింది. జకారం, పొల్లు, ఞకారం, ఆ వెంటనే ఈ కనబడని గుర్తు, ఆపైన దీర్ఘం. ఇలా కూర్చిన ‘జ్ఞా’ ఒక్కటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్ కూలిపోయేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వదిలి దాన్ని సరిచేసింది. అప్పట్లో ఆ వార్త చదివి నవ్వుకున్నాను కానీ, ఆ గుర్తు అక్కడెందుకు ఉంటుందని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నా ‘శుద్ధి’ పుట్టేదే కాదు.

ఆ తర్వాత నేను చేసిన పని చిన్నది. ఇష్యూ తెరిచేచోట ఒక నమూనా పెట్టాను, తెలుగులో. నాలుగే ప్రశ్నలు. ఏ మాట ఇచ్చారు? ఏం వచ్చింది? ఏం రావాలి? ఎందుకు అలా రావాలనుకుంటున్నారు? కింద ఒక వాక్యం: ‘తెలుగులో రాయండి, తప్పు చెబితే బాధపడను.’ రెండో ముక్క పూర్తి నిజం కాదు, బాధపడతాను. కానీ రాసినందుకు ఫలితం దక్కింది. మూడు నెలల్లో పందొమ్మిది ఇష్యూలు వచ్చాయి. అందులో పదకొండు తెలుగులోనే.

వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ప్రోగ్రామింగ్ అసలే రాని మనిషి రాసింది. ఒకావిడ డీటీపీ సెంటర్లో ప్రూఫులు చూస్తారు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఎప్పుడో కంపోజ్ చేసిన పాత పుస్తకాలను యూనికోడ్‌లోకి మారుస్తున్నారట. వాళ్ళ దగ్గరి కుర్రాడు నా లైబ్రరీతో ఏదో చిన్న స్క్రిప్టు రాసిచ్చాడు. ఆవిడ రాసింది ఇది: “పైన అన్న మాట ఇచ్చాము. రెండక్షరాలు రావాలి. కొన్నిసార్లు రెండు వస్తున్నాయి, కొన్నిసార్లు మూడు వస్తున్నాయి. చూడడానికి రెండూ ఒకటే. నా కళ్ళజోడు కొత్తది.”

ఆ చివరి వాక్యం కోసమే ఆ ఇష్యూ ఫ్రేము కట్టించుకోవాలి. కళ్ళజోడు తప్పేమీ లేదు. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే ముక్కగా ఒక కోడ్ పాయింటు ఉంది. లేదంటే ఎత్వం, దాని తర్వాత ఐత్వం కింది తోక అని రెండు ముక్కలుగా కూడా రాయొచ్చు. తెర మీద అచ్చం ఒకేలా ఉంటాయి. పాత ఫాంట్లలో ఆ తోక విడి ముక్కగా ఉండేది కాబట్టి వాళ్ళ కన్వర్టర్ దాన్ని విడిగానే తెచ్చింది. నా పట్టికలో ఆ తోక లేదు. తెలియని గుర్తు కనబడగానే నా కోడు దాన్ని ఇంకో అక్షరం అనుకుంది. మందు తెలిశాక సులువు. ముందుగా రాతను ఎన్ఎఫ్‌సి రూపంలోకి మార్చుకుంటే రెండు ముక్కలూ ఒకటైపోతాయి. పైథాన్‌లో అది ఒక్క లైను పని. కానీ ఆ లైను అవసరమని నాకు చెప్పడానికి, ‘పైన’ అనే మాటను రోజుకు వందసార్లు చూసే మనిషి కావాల్సి వచ్చింది. ఎన్ని టెస్టులు రాసినా అది నాకు తట్టేది కాదు. నా టెస్టుల్లోని మాటలన్నీ నేను నా కీబోర్డుతో కొట్టినవే కదా.

అప్పటి నుంచి ఓపెన్ సోర్స్ అంటే ‘కోడు ఇవ్వడం’ అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. కోడు నేనిచ్చింది అరవై లైన్లు. నాకు వచ్చింది నా మాతృభాష ఎలా రాస్తారో అన్న జ్ఞానం.

ఇంతవరకూ మొహమాటం వదిలినవాళ్ళ గురించి చెప్పాను. ఇప్పుడు నా మొహమాటం గురించి. అది ఖరీదైనది.

ఒక పద్యకవి గారు ఇష్యూ తెరిచారు. పెద్దవారు, చక్కటి భాష. ‘వచ్చెన్’ అన్న మాటకు నా లైబ్రరీ 3 అంటోందని, అది తప్పని. ఛందస్సులో పదం చివరి పొల్లు విడిగా నిలబడదు, వెనకటి అక్షరంలో కలిసి దాన్ని గురువును చేస్తుంది. కాబట్టి వ, చ్చెన్. రెండక్షరాలు, రెండూ గురువులే. ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. బాబాయి లెక్కా నిజమే. గళ్ళనుడికట్టులో వ ఒక గడి, చ్చె ఒక గడి, న్ ఒక గడి.

ఆ ఒక్క మాటని పట్టుకుని కూర్చుంటే వింతలే వింతలు. కంప్యూటర్లో దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో అది 21 బైట్లు. కోడ్ పాయింట్లు లెక్కపెడితే 7. మనిషి ఒక అక్షరం అనుకునేదాన్ని గుర్తించడానికి యూనికోడ్ వాళ్ళకి గ్రాఫీమ్ క్లస్టర్ అని ఒక లెక్క ఉంది. పాత నియమాల ప్రకారం అది సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విరిచేసేది. వ, చ్, చె, న్ అని 4 వచ్చేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో నియమం మార్చాక, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో వత్తులు విడిపోకుండా 3 వస్తున్నాయి. పద్యకవి గారికి 2. ఒక్క మాటకి 21, 7, 4, 3, 2. ఏదీ తప్పు కాదు. ‘ఎన్ని అక్షరాలు’ అన్న ప్రశ్నే అసంపూర్ణం.

నేను చేయాల్సింది ఆ ముక్క ఆయనకు చెప్పడం. చెప్పలేకపోయాను. అంత పెద్దాయన, అన్ని ఉదాహరణలతో, పొల్లు గురించి లక్షణాలు ఉటంకిస్తూ రాస్తే, ‘కాదండీ’ అనడానికి నోరు రాలేదు. 0.4 వెర్షన్లో డిఫాల్టు, అంటే ఏమీ అడగకపోతే వచ్చే లెక్క, మార్చేశాను. మూడు కాస్తా రెండయింది.

ఆ శనివారం బాబాయి గళ్ళు కుదరలేదు. అంతకన్నా ఘోరం, ఎక్కడో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టు డెమోకి ముందు రాత్రి, వెర్షన్ నంబరు బిగించుకోకుండా లైబ్రరీని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్న పిల్లలకి లెక్కలన్నీ మారిపోయాయి. అర్ధరాత్రి దాటాక ఒక ఇష్యూ వచ్చింది. టైటిల్ నిండా ప్రశ్నార్థకాలే. “చెప్పకుండా ఎలా మారుస్తారు?” అని ఒకటే వాక్యం. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల జావాస్క్రిప్టు ముక్కను రాసినాయన తీసేస్తే ప్రపంచంలో వేల ప్రాజెక్టులు ఆగిపోయాయని చదివి, ‘అరె, ఎంత చిత్రం’ అనుకున్నదాన్ని. నా స్థాయిలో నేనూ అదే చేశాను. సున్నాతో మొదలయ్యే వెర్షన్లో ఏదైనా మారొచ్చని వెర్షన్లకు నంబర్లు వేసే సెమాంటిక్ వెర్షనింగ్ పద్ధతిలో రూలు ఉందని వాదించవచ్చు. రూలు చదువుకుని డెమో ఇచ్చేవాళ్ళు ఎవరుంటారు?

తర్వాత ఒక నెలపాటు అక్కడ జరిగిన చర్చ నా ఉద్యోగంలో ఏ డిజైన్ మీటింగులోనూ వినలేదు. కవిగారు, గళ్ళవాళ్ళు, టెక్స్ట్ ఎడిటర్ చేసే ఒకబ్బాయి. చివరికి ‘అక్షరాలు’ అన్న ఫంక్షన్నే తీసేయాలని తేలింది. ఛందస్సుకి ఒకటి, గడులకి ఒకటి, కర్సర్‌కి ఒకటి. ఏది కావాలో అడిగేవాళ్ళే చెప్పాలి. పాత ఫంక్షన్ రెండు వెర్షన్ల పాటు ఉంటుంది, పిలిస్తే హెచ్చరిస్తుంది, తర్వాత పోతుంది. ఈ పరిష్కారం చెప్పింది ఎవరో తెలుసా? కవిగారే. “నాకు కావలసింది నా లెక్కకు ఒక పేరమ్మా, అందరి లెక్కా మార్చమనలేదు” అన్నారు. నేను అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేవారు.

ఇంకో మొహమాటం. ఒకబ్బాయి తొమ్మిది వందల లైన్ల పుల్ రిక్వెస్ట్ పంపాడు, అంటే నా కోడులో కలపమని తన మార్పులు పంపాడు. తెలుగును ఇంగ్లీషు లిపిలోకి మార్చే సౌకర్యం. లైబ్రరీకి సంబంధం లేనిది. దానితోపాటు ఇంకో రెండు ప్యాకేజీల మీద ఆధారం. కానీ పాపం, సెలవులన్నీ పెట్టి రాశాడు. ‘వద్దు’ అని ఎలా అంటాం? తీసుకున్నాను. వాడికి ఉద్యోగం వచ్చింది, సంతోషం, మాయమయ్యాడు. ఏడాదిన్నరగా ఆ తొమ్మిది వందల లైన్ల తప్పులు నేనే దిద్దుతున్నాను. ‘వద్దు’ అనడానికి పట్టే టైం మూడు నిమిషాలు.

కాదనలేని మనిషి మీద ఒత్తిడి పెడితే ఏమవుతుందో 2024 మార్చిలో బయటపడ్డ, ఫైళ్ళను కుదించే ప్రోగ్రాము ఎక్స్‌జెడ్ వ్యవహారం చూపించింది. దాదాపు ఒంటరిగా ఆ ప్రాజెక్టు నడుపుతున్న మనిషిని, అప్‌డేట్లు ఎందుకు లేటు, వేరేవాళ్ళకి ఎందుకు అప్పగించవు అని కొత్త ఖాతాలు కొన్ని పొడుస్తూ వచ్చాయి. సాయం చేస్తానని ఓపిగ్గా పక్కన చేరిన ఇంకొకరికి అధికారం దక్కింది. చివరికి కోడులో దొంగదారి తేలింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి దొరికింది. నా అరవై లైన్లకి అంత గొప్ప శత్రువులు ఉండరని తెలుసు. అయినా ఆ వార్త చదివిన రాత్రి, రిలీజ్ చేసే అధికారం ఎవరెవరికి ఇచ్చానో ఒకసారి లేచి చూసుకున్నాను.

మొహమాటం వద్దన్నానని తిట్టమని కాదు. నిక్కచ్చితనం పేరుతో ఏళ్ళపాటు కఠినంగా మాట్లాడిన లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్సే 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. నాకు వచ్చిన మంచి ఇష్యూలన్నీ మర్యాదగా ఉన్నవే. కళ్ళజోడావిడ ఒక్క కటువు మాట అనలేదు. మర్యాద వేరు, మొహమాటం వేరు. మొదటిది మాట ఎలా చెప్పాలో చెబుతుంది, రెండోది మాటే రానివ్వదు.

దీనికి పూర్తి విరుద్ధమైన జబ్బు కూడా మన దగ్గర ఉంది, దాన్ని వదిలేస్తే అన్యాయం. రెజ్యూమె కోసం ఓపెన్ సోర్స్. ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీలో ఒక కామా మార్చి ‘డాక్యుమెంటేషన్ మెరుగుపరిచాను’ అని పంపేవాళ్ళు. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే ఉత్సవం హాక్టోబర్‌ఫెస్ట్ టీషర్టు కోసం ఇలాంటి పుల్ రిక్వెస్టులు ఎంతగా కురిశాయంటే, నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చాల్సి వచ్చింది. ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. నాకూ వస్తుంటాయి. ఆ పిల్లల్ని తిట్టబుద్ధి కాదు. గిట్‌హబ్ ప్రొఫైల్లో పని చేసిన రోజులను చూపే పచ్చ గళ్ళు ఉంటే ఇంటర్వ్యూ వస్తుందని ఎవరో చెప్పి పంపారు. వాళ్ళకి నేనిచ్చే జవాబు ఒకటే: ‘ముందు వాడి చూడు, నీకు ఏది నచ్చలేదో రాయి, ఆ తర్వాత కోడు చూద్దాం.’ పదిమందిలో తొమ్మిది మంది మళ్ళీ రారు. వచ్చిన పదోమనిషి ఇప్పుడు నాతోపాటు రిలీజులు చూస్తోంది. ఆమె రాసిన మొదటి ఇష్యూలో మొదటి వాక్యం, “మీ ఇన్‌స్టాల్ పేజీ చదివితే నాకేం అర్థం కాలేదండీ.” ఆ పేజీని తిరిగి రాసింది ఆమే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. బాబాయి గళ్ళ నోటుబుక్కు బల్ల మీద ఉంటే తిరగేశాను. ఎడమవైపు మాటలు, కుడివైపు నా లైబ్రరీ ఇచ్చిన అంకెలు. కొన్ని అంకెల పక్కన పెన్సిల్‌తో ‘-1’ అని రాసుంది. రైల్వే స్టేషన్, -1. పండగ పూట, -1. పాల సముద్రం, -1.

“ఇదేంటి బాబాయ్?”

“ఏం లేదమ్మా, మధ్యలో ఖాళీ ఉంటే దాన్నీ ఒక అక్షరంగా లెక్కేస్తుంది నీది. నేను ఒకటి తీసేసుకుంటాను.”

“ఎప్పటి నుంచి?”

“మొదటి నుంచీ.”

మూడేళ్ళు. ఎవరి కోసం రాశానో ఆ మనిషే మూడేళ్ళుగా ప్రతినెలా పెన్సిల్‌తో ఒకటి తీసేసుకుంటున్నాడు. ఎందుకు చెప్పలేదంటే, “కష్టపడి చేశావు, ఇంత చిన్నదానికి నిన్నెక్కడ ఇబ్బంది పెట్టను” అన్నాడు.

కాఫీ తాగించి, పక్కన కూర్చోబెట్టి ఖాతా తెరిపించాను. నమూనాలో నాలుగు ప్రశ్నలు ఉన్నా ఆయన తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు: ‘చి.ల.సౌ. అమ్మాయికి ఆశీర్వదించి వ్రాయునది.’ తర్వాత సమస్య, ఉదాహరణలతో సహా, ఎక్కడా తప్పులేకుండా. ఆ మధ్యాహ్నమే సరిచేసి, ఇష్యూ మూసేశాను.

రాత్రి భోజనాలయ్యాక ఫోన్ మోగింది. మూసేసిన ఇష్యూ కింద ఆయన కామెంటు: ‘అందినది. సంతోషం. ఇలాంటివే ఇంకా నాలుగున్నాయి, రాయమంటావా?’